రీసైకిల్ బిన్ కనపడట్లేదా? అసలు ఏ ఓఎస్ వేసుకోవాలో తేల్చుకునే ముందు చెత్తబుట్ట సంగతి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పట్నుంచి పాత ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే చర్చ, విండోస్ 11 వేయించాలా, లినక్స్ అని ఏదో ఉందంటున్నారు అది పెట్టుకోవాలా, లేకపోతే డబ్బు పోతే పోయిందని మ్యాక్ కొనేయాలా అని. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, ఈఎంఐ ఎంత పడుతుంది, ఇవన్నీ అడుగుతారు. డిలీట్ కొట్టిన ఫైలు ఎక్కడికి పోతుందని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే. ఓఎస్, అంటే కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, మారిన మొదటి వారం చేతులు పాత అలవాటు మీదే నడుస్తాయి, పోకూడని ఫైళ్లు పోయేది సరిగ్గా అప్పుడే.

అందుకే ఇక్కడ ముందు మాయమైన ఐకాన్‌ని వెనక్కి తెచ్చుకుందాం, తర్వాత బుట్ట లోపల ఏం జరుగుతుందో చూద్దాం, ఏ ఓఎస్ అన్నది ఆ తర్వాత.

ఐకాన్ ఎక్కడికి పోయింది

విండోస్‌లో డెస్క్‌టాప్ మీద ఒక్క బొమ్మ కూడా లేకుండా ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, వ్యూ లోకి వెళ్లి, షో డెస్క్‌టాప్ ఐకాన్స్ దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, దీనికి షాపుకెళ్లి ఫార్మాట్ చేయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

మిగతావన్నీ ఉండి రీసైకిల్ బిన్ ఒక్కటే లేకపోతే, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, పర్సనలైజ్, అందులో థీమ్స్, కాస్త కిందికి పోతే డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్ అని ఉంటుంది. నొక్కితే పాతకాలం విండోస్‌లా కనిపించే చిన్న బాక్స్ ఒకటి తెరుచుకుంటుంది. రీసైకిల్ బిన్ పక్కన టిక్ పెట్టి ఓకే కొట్టండి. విండోస్ 10లో, 11లో ఇదే దారి. ఆఫీసు కంప్యూటర్‌లో ఇవేవీ నొక్కుడుపడకపోతే అది మీ ఐటీ వాళ్లు పెట్టిన తాళం, వాళ్లనే అడగాలి.

అదే బాక్స్‌లో చేంజ్ ఐకాన్ కూడా ఉంది. బిన్‌కి రెండు బొమ్మలుంటాయి, నిండినప్పుడు ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, రెండింటినీ విడివిడిగా మార్చుకోవాలి. నెట్‌లో దొరికిన బొమ్మ పెట్టుకుంటే చాలాసార్లు ఒక తంటా వస్తుంది, బిన్ ఖాళీ చేసినా బొమ్మ నిండినట్టే కనిపిస్తుంది, ఎఫ్5 కొడితే గానీ మారదు. బుట్టలో ఏమైనా ఉందా లేదా అని చూడగానే తెలియడానికే కదా ఆ బొమ్మ, అది అబద్ధం చెప్తుంటే ఎంత అందంగా ఉంటే ఏం లాభం. విండోస్‌తో వచ్చిన బొమ్మలే ఉంచుకోమని నా సలహా. బాక్స్ అడుగున థీమ్స్‌ని ఐకాన్లు మార్చనివ్వడానికి ఒక టిక్ ఉంటుంది, అది తీసేస్తే కొత్త వాల్‌పేపర్ థీమ్ వేసిన ప్రతిసారీ బిన్ వేషం మారకుండా ఉంటుంది.

మ్యాక్‌లో వెతుక్కోవాల్సిన పని లేదు. డాక్ చివర్లో బుట్ట ఉంటుంది, అక్కడ్నుంచి తీసేయడం కుదరదు. పాత మ్యాకింటోష్‌లలో డెస్క్‌టాప్ మీదే ఉండేది, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చినప్పుడు డాక్‌లోకి పోయింది.

లినక్స్‌లో ఏ లినక్స్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉబుంటులో పక్కనున్న డాక్ కొసన ఉంటుంది, లేకపోతే సెట్టింగ్స్‌లో ఉబుంటు డెస్క్‌టాప్ అనే చోట, పాత వెర్షన్ అయితే అప్పియరెన్స్‌లో, డాక్ తీరు మార్చే దగ్గర షో ట్రాష్ ఆన్ చేయాలి. మింట్ సిన్నమన్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, డెస్క్‌టాప్, అందులో ట్రాష్ స్విచ్. ఫెడోరా మామూలు వెర్షన్‌లో అయితే డెస్క్‌టాప్ మీద ఐకాన్లే ఉండవు, ఫైల్స్ యాప్ తెరిస్తే ఎడమ పక్క ట్రాష్ కనిపిస్తుంది. అలవాటయ్యేదాకా చిరాకే.

బుట్ట లోపల

విండోస్‌లో డిలీట్ కొడితే ఫైలు డిస్కులో ఉన్నచోటే ఉంటుంది. ప్రతి డ్రైవ్‌లోనూ డాలర్ గుర్తుతో మొదలయ్యే రీసైకిల్ బిన్ ఫోల్డర్ ఒకటి దాగి ఉంటుంది, ఫైలు పేరు మార్చి అందులో చూపిస్తారు, పాత పేరు, ఎక్కడుండేది, ఎప్పుడు తీసేశారు అన్నది పక్కనే ఇంకో చిన్న ఫైల్లో రాసిపెడతారు. పది జీబీల సినిమా ఒక్క సెకన్లో డిలీట్ అయ్యేది అందుకే. సీ డ్రైవ్ ఎర్రగా అయిపోయిందని ఎన్ని ఫైళ్లు తీసేసినా ఖాళీ పెరగకపోవడానికీ కారణం ఇదే, బిన్ కూడా ఖాళీ చేస్తే గానీ చోటు రాదు.

ఈ బిన్‌కి డ్రైవ్‌కి ఇంత అని ఒక హద్దు ఉంటుంది. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే డ్రైవ్‌ల వారీగా కనిపిస్తుంది. బిన్ నిండితే అన్నిటికంటే పాతవి చెప్పాపెట్టకుండా పోతాయి. హద్దుకి మించిన పెద్ద ఫైలు తీసేస్తుంటే, ఇది శాశ్వతంగా పోతుంది సరేనా అని అడుగుతుంది. అక్కడ చదవకుండా ఎస్ కొట్టేవాళ్లే ఎక్కువ. పెళ్లి వీడియోలన్నీ పెద్ద ఫైళ్లే అన్నది గుర్తుపెట్టుకోండి. అదే ప్రాపర్టీస్‌లో డిలీట్‌కి ముందు అడిగే టిక్ ఒకటుంది, విండోస్ 8 నుంచి అది ఆఫ్‌లోనే వస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు వాడే మెషీన్ అయితే ఆన్ చేయండి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే బిన్ దాకా వెళ్లదు, నేరుగా పోతుంది. పొరపాటున మామూలు డిలీట్ కొట్టి వెంటనే గుర్తొస్తే బిన్ తెరవక్కర్లేదు, కంట్రోల్ జెడ్ చాలు.

ఇప్పుడు అసలు తేడా. విండోస్‌లో పెన్‌డ్రైవ్ నుంచో, కెమెరా మెమరీ కార్డు నుంచో, ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్ నుంచో, కేబుల్ పెట్టిన ఫోన్ నుంచో ఫైలు తీసేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి రాదు. పోయిందంటే పోయిందే. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు విషయంలో మ్యాక్, లినక్స్ దీనికి ఉల్టా. అవి పెన్‌డ్రైవ్‌లోనే దాగి ఉండే ఒక ఫోల్డర్ చేసి అందులో పడేస్తాయి. మ్యాక్ అయితే ఆ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలయ్యే ట్రాషెస్, లినక్స్ అయితే మామూలుగా చుక్క, ట్రాష్, గీత, 1000. పొరపాటు చేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు కాబట్టి ఇది మంచిదే. కానీ చిక్కులు వేరే ఉన్నాయి.

ఉదాహరణకి కారులో పాటలు వినే పెన్‌డ్రైవ్. లినక్స్ ల్యాప్‌టాప్‌కి పెట్టి పాత పాటలన్నీ తీసేసి కొత్తవి ఎక్కించాలనుకున్నారు. పాతవి డిలీట్ చేశారు, పెన్‌డ్రైవ్ తెరిస్తే ఖాళీగానే ఉంది, కొత్తవి కాపీ చేస్తుంటే మాత్రం చోటు లేదంటుంది. సరే అని సగం పాటలు ఎక్కించి కారులో పెడితే, స్టీరియోకి దాగిన ఫోల్డర్, దాగని ఫోల్డర్ అన్న తేడా తెలియకపోతే, తీసేసిన పాటలన్నీ మళ్లీ మోగుతాయి. మ్యాక్ నుంచి ఎక్కిస్తే ఇంకో సరదా, ప్రతి పాటకీ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే తోకఫైలు ఒకటి తగులుకుంటుంది, కొన్ని స్టీరియోలు దాన్నీ పాటే అనుకుని ఆగిపోతాయి. విరుగుడు సింపుల్: పెన్‌డ్రైవ్ తీసేముందు, అది మెషీన్‌కి పెట్టి ఉండగానే, ట్రాష్ ఖాళీ చేయండి. ఇప్పటికే ఇరుక్కుంటే విండోస్ కంప్యూటర్‌కి పెట్టి, వ్యూ లో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసి, ఆ ఫోల్డర్‌ని డిలీట్ చేసేయండి.

ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకీ ఇదే కథ. లినక్స్‌లో ఉండి విండోస్ డీ డ్రైవ్‌లో ఫైలు తీసేస్తే అది విండోస్ రీసైకిల్ బిన్‌లో కనపడదు. డిస్క్ నిండిపోతుంది, బిన్ చూస్తే ఖాళీ. లినక్స్‌లోకి వెళ్లి అక్కడి ట్రాష్ ఖాళీ చేస్తేనే చోటొస్తుంది.

మ్యాక్‌లో కొత్తవాళ్లకి మొదటి టెన్షన్, డిలీట్ కీ ఒక్కటే కొడితే ఫైలు కదలదు. కమాండ్ పట్టుకుని డిలీట్ కొట్టాలి. ఆప్షన్ కూడా కలిపి కొడితే విండోస్‌లో షిఫ్ట్ డిలీట్ లాగా నేరుగా పోతుంది. వెనక్కి తేవడానికి ట్రాష్ తెరిచి, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి పుట్ బ్యాక్. ఇంకో విచిత్రం, మ్యాక్‌లో పెన్‌డ్రైవ్ ఐకాన్‌ని బుట్ట మీదికి లాగితే అందులోవేమీ పోవు, డ్రైవ్ ఎజెక్ట్ అవుతుంది అంతే. ఫ్లాపీల కాలం నుంచీ ఉన్న అలవాటు ఇది, జనం భయపడుతున్నారని తర్వాత లాగేటప్పుడు బుట్ట బొమ్మ ఎజెక్ట్ గుర్తుగా మారేలా చేశారు.

అన్నట్టు ఈ బుట్ట మీద కోర్టు దాకా వెళ్లారని తెలుసా. 1983లో లీసా అనే కంప్యూటర్‌లో, 1984లో మ్యాకింటోష్‌లో చెత్తబుట్ట బొమ్మ పెట్టిన యాపిల్, తమ తెర మీది రూపాన్ని కాపీ కొట్టారని 1988లో మైక్రోసాఫ్ట్ మీద, హ్యూలెట్ ప్యాకర్డ్ మీద కేసు వేసింది. చాలా మటుకు ఓడిపోయింది గానీ, హెచ్‌పీ వాళ్ల న్యూవేవ్ అనే సాఫ్ట్‌వేర్‌లోని చెత్తబుట్ట, ఫోల్డర్ బొమ్మల విషయంలో మాత్రం యాపిల్ మాట చెల్లింది. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు అందులో ఉన్నది రీసైకిల్ బిన్.

లినక్స్ గురించి రెండు ముక్కలు. ట్రాష్ మీ హోమ్ ఫోల్డర్‌లోనే దాగి ఉంటుంది, ఫైళ్లు ఒక పక్క, వాటి వివరాలు ఒక పక్క. లినక్స్ డెస్క్‌టాప్‌లలో గ్నోమ్ అయినా కేడీఈ అయినా ఒకే పద్ధతి పాటిస్తాయి కాబట్టి డెస్క్‌టాప్ మార్చినా చెత్త మాయం కాదు. కానీ టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, ఆర్‌ఎం అనే డిలీట్ కమాండ్ కొట్టారంటే బుట్ట గిట్ట ఏమీ లేవు. నెట్‌లో ఎవరో రాసిన కమాండ్ కాపీ చేసి పేస్ట్ చేసేముందు అందులో ఆర్‌ఎం ఉందా అని ఒక్కసారి చూసుకోండి.

ఈ మూడిటి పైన ఇంకో బుట్ట ఉంది, క్లౌడ్‌ది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్ సెటప్ చేసేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోయి ఉండొచ్చు. అప్పుడు ఇక్కడ తీసేస్తే ఫోన్‌లోనూ పోతుంది. మంచి విషయం ఏంటంటే, కంప్యూటర్‌లో బిన్ ఖాళీ చేసేసినా వన్‌డ్రైవ్ సైట్‌లోని బిన్‌లో దొరకొచ్చు, సొంత అకౌంట్‌కి 30 రోజులు, ఆఫీసు లేదా కాలేజీ అకౌంట్‌కి మామూలుగా 93 రోజులు. గూగుల్ డ్రైవ్ ట్రాష్ కూడా 30 రోజులే.

ఖాళీ చేశాక తిరిగొస్తుందా? పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే అవకాశం ఉంది, వెంటనే మెషీన్ వాడటం ఆపేసి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ఫొటోరెక్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్ నడపాలి. ఎస్‌ఎస్‌డీ అయితే దాదాపు ఆశ వదులుకోవచ్చు, ఎందుకంటే ఖాళీ అయిన చోటు ఇదీ అని ఓఎస్ డిస్క్‌కి చెప్పేస్తుంది, డిస్క్ దాన్ని తుడిచేసుకుంటుంది, ట్రిమ్ అంటారు దీన్ని. రికవరీ చేస్తాం అని వేలల్లో అడిగే షాపుకి వెళ్లే ముందు మీది ఏ డిస్కో తెలుసుకుని వెళ్లండి.

ఇక ఏది వేసుకోవాలి

బుట్ట బాగుందని ఓఎస్ మారమని నేను చెప్పను. మీరు రోజూ ఏ పని చేస్తారు, పాడైతే సాయంత్రానికి ఎవరు బాగుచేస్తారు, ఈ రెండిటితోనే చాలా వరకు తేలిపోతుంది.

డీటీపీ, ఫ్లెక్సీ, ప్రెస్ పని చేసేవాళ్లకి చర్చ అనవసరం. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు ఏళ్ల తరబడి పేరుకుని ఉంటాయి, విండోస్ వదిలితే బతుకు నరకం. ట్యాలీ నడిపేవాళ్లు, టెండర్లకీ రిటర్న్‌లకీ డిజిటల్ సంతకం టోకెన్ పెట్టేవాళ్లు కూడా విండోస్‌లోనే ఉండండి. టోకెన్ డ్రైవర్లు వేరే వాటికీ దొరుకుతాయంటారు గానీ చివరి తేదీ రాత్రి అది పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు?

విండోస్ 11 మీ మెషీన్‌కి ఎక్కుతుందా అన్నది వేరే లెక్క. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ అని కాగితం మీద తక్కువే అడుగుతుంది, ఆ 4 జీబీతో నడపడం మాత్రం శిక్షే. అసలు అడ్డు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ప్రాసెసర్. ఇంటెల్ అయితే మోటుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, అంటే 2017 రెండో సగంలో మొదలైనవి. అంతకు పాతవాటికి బైపాస్ చేసి వేస్తాం అని షాపువాళ్లు అంటారు, ఎక్కుతుంది కూడా, కానీ అలాంటి మెషీన్లకి అప్‌డేట్స్ ఇస్తామని మైక్రోసాఫ్ట్ మాట ఇవ్వదు. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌కి నేనైతే ఒప్పుకోను.

అలా ఆగిపోయిన మెషీన్‌లో బ్రౌజర్, యూట్యూబ్, పీడీఎఫ్‌లు, పిల్లల కోడింగ్, కాస్త తెలుగు టైపింగ్ ఇంతే పని అయితే లినక్స్ మింట్ వేయండి. విండోస్ నుంచి వచ్చినవాళ్లకి మెనూ కింద ఎడమ పక్కనే కనిపిస్తుంది, 22 సిరీస్‌కి 2029 దాకా సపోర్ట్ ఉంది. తెలుగు టైపింగ్ మీద భయం వద్దు, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డు మూడింట్లోనూ ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటుంటే విండోస్‌లో తెలుగు ఫొనెటిక్, మ్యాక్‌లో తెలుగు క్వెర్టీ, లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ జోడించి ఆర్‌టీఎస్ అనే కీబోర్డు. మూడింట్లోనూ పొల్లు, వత్తు కొట్టే తీరు కొంచెం కొంచెం తేడా, రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

మ్యాక్ మంచి మెషీనే. ఐఫోన్ యాప్‌లు రాయాలంటే ఎక్స్‌కోడ్ అనే యాపిల్ టూల్ కోసం ఎలాగూ అదే కావాలి. కానీ కొత్త మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచుకోవడం కుదరదు, కొనేరోజు ఎంత తీసుకుంటే అంతే. అమెరికాలో ఉన్న పిల్లలు ఊళ్లో అమ్మానాన్నలకి ప్రేమగా మ్యాక్‌బుక్ పంపించడం చూస్తుంటాం. దగ్గర్లో దాన్ని ముట్టుకునే మెకానిక్ ఉన్నాడా అని పంపేముందు ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.

వేసే ముందు ఒక పరీక్ష

మింట్ అయితే డిస్క్‌లో ఏమీ మార్చకుండానే చూసుకోవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, అందులోవి ముందే వేరేచోట పెట్టుకుని, ఎందుకంటే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, రూఫస్ లేదా ఎచర్ అనే టూల్‌తో మింట్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) ఎక్కించండి. విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోండి, బూట్ సెట్టింగ్స్ కదిపాక అది అడిగితే కీ లేకుండా మీ డిస్క్ మీకే తెరుచుకోదు. తర్వాత రీస్టార్ట్ చేసి, బూట్ మెనూ కీ నొక్కి, ఆ పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవాలి, ఆ కీ డెల్‌కి, లెనోవోకి ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9.

మింట్ తెరుచుకున్నాక వైఫై, సౌండ్, ప్రింటర్, వెబ్‌సైట్లలో తెలుగు అక్షరాలు చూడండి. తర్వాత బుట్ట సంగతి. ఇంకో పనికిమాలిన పెన్‌డ్రైవ్ పెట్టి, నాలుగు పాటలు కాపీ చేసి, డిలీట్ కొట్టి, ఖాళీ చోటు ఎంత చూపిస్తుందో చూడండి, ట్రాష్‌లోంచి ఒకటి రెస్టోర్ చేయండి, మిగతావి ఖాళీ చేసి మళ్లీ చోటు చూడండి. పది నిమిషాల పని. ఈ పరీక్ష విండోస్ సీ డ్రైవ్ మీద మాత్రం వద్దు.

నచ్చి మారదామనుకుంటే బ్యాకప్ తీసే ముందు పాత రీసైకిల్ బిన్ ఒకసారి తెరవండి. కొంతమంది దాన్ని అటకలా వాడతారు, తర్వాత చూద్దాంలే అనుకున్నవన్నీ అందులోనే ఉంటాయి, ఫోల్డర్లు కాపీ చేస్తే అవి కూడా రావు. పాత మెషీన్ అమ్మేస్తుంటే బిన్ ఖాళీ చేయడంతో సరిపెట్టుకోకండి, విండోస్‌లో రీసెట్ దిస్ పీసీ కి వెళ్లి అన్నీ తీసేయమని చెప్పి, క్లీన్ డేటా ఆన్ చేయండి. ఈమధ్య మ్యాక్‌లలో ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ ఉంది.

చివరగా బుట్ట దానంతటదే ఖాళీ అయ్యే సెట్టింగ్. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, స్టోరేజ్ సెన్స్, అది ఆన్‌లో ఉంటే బిన్‌లోవి మామూలుగా 30 రోజులకి పోతాయి. మ్యాక్‌లో ఫైండర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో 30 రోజుల టిక్ 2016లో వచ్చిన సియెరా వెర్షన్ నుంచి ఉంది. ఉబుంటులో ప్రైవసీలో ఫైల్ హిస్టరీ అండ్ ట్రాష్. మీ సొంత మెషీన్‌లో 30 రోజులు పెట్టుకుంటే హాయి. అమ్మానాన్నల కంప్యూటర్‌లో మాత్రం ఆఫ్ చేసేయండి, ఫైలు కనపడట్లేదని వాళ్లు మీకు చెప్పేది రెండు నెలల తర్వాతే.